ఇవాళ నాకొద్దు నాన్నా

నిన్న సాయంత్రం అల్వాల్‌లో ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఓ పాప. భుజాన బ్యాడ్మింటన్ బ్యాగు.
"ఇవాళ నాకొద్దు నాన్నా, పొద్దున్నే ఆట ఉంది" అంది.
ఎవరూ వద్దనలేదు. తనకు తానే వద్దనుకుంది!

చూసినవాళ్లకు ఈ పక్కనే మారేడ్‌పల్లిలో పెరిగిన పి.వి. సింధు గుర్తురాక మానదు. గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీలో ఆట నేర్చుకోవడానికి చిన్నప్పుడే రోజూ 56 కిలోమీటర్ల ప్రయాణం. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు చేతిలో ఫోన్ లేదు. ఐస్‌క్రీమ్ బంద్, ఎంతో ఇష్టమైన తీపి పెరుగూ బంద్. ఫైనల్లో కరోలినా మారిన్‌తో హోరాహోరీగా ఆడి రజతం తెచ్చింది. ఫోన్ మళ్లీ చేతికొచ్చింది ఆ తర్వాతే.

నియమం గురువు గోపీచంద్‌దే. కానీ 21 ఏళ్ల అమ్మాయి దాన్ని తనదనుకోకపోతే అన్నాళ్లు నిలిచేదా?

ఆ గురువూ అంతే. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాక, ఒంటికి మంచిది కాదని కూల్‌డ్రింక్ ప్రకటననే వదులుకున్నాడు.

'రోజంతా కష్టపడ్డాం, ఆ మాత్రం తినొద్దా' అని ఒంటిని బుజ్జగించడమే దాని మీద ప్రేమ అనుకునేవాళ్లు ఎక్కువ. ఆ పాప మాత్రం రేపటి తన కాళ్ల గురించి ఆలోచించింది. ఎంత ముద్దొచ్చిందో!

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లు ఉన్నారా? దేనికి వద్దంటుంటారు?