మగ్గం ఆగినప్పుడు ఎవరిని అడుగుతున్నాం?



ఈమధ్య నలుగురు కార్ఖానాదారులు ఎక్కడ కలిసినా ఒకటే మాట: "పనివాళ్ళు దొరకడం లేదు. దొరికినవాళ్ళు మనసు పెట్టి చెయ్యడం లేదు." ఈ మాటలో నిజం ఉంది. హోట్గి రోడ్డులో మా గల్లీలోనే ఒక షెడ్డు టకటకమని ఆడుతుంటే, పక్క షెడ్డులో సగం మగ్గాలు ఊరికే నిలబడి ఉన్నాయి. వాటిని నడిపినవాళ్ళ పిల్లలు పూణే పోయి వేరే పనులు చూసుకున్నారు. మన దగ్గర మాలికూ మనవాడే, నేసేవాడూ మనవాడే. కాబట్టి ఈ సంగతి సంఘంలో మాట్లాడుకోకపోతే ఇంకెక్కడ మాట్లాడతాం?

నేను చదివింది తమిళ మీడియం అని మీలో చాలామందికి తెలుసు. తమిళంలో యజమానిని ముదలాళి అంటారు, కార్మికుణ్ణి తొళిలాళి అంటారు. ముదల్ అంటే మొదలు, పెట్టుబడి. అది ఉన్నవాడు ముదలాళి. తొళిల్ అంటే పని, వృత్తి. అది ఉన్నవాడు తొళిలాళి. రెండు మాటలకూ తోక ఒకటే. ఒకాయన దగ్గర డబ్బు ఉంది, ఇంకొకాయన దగ్గర పని ఉంది. మనం రెండో ఆయన్ని "మనిషి కావాలి, ఇద్దరు మనుషులు తక్కువయ్యారు" అని లెక్కపెడుతున్నాం. ఆయన దగ్గర ఉన్న పని సంగతి అడగడం లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. చద్దర్ నేసే జకార్డ్ మగ్గం మీద పడుగు పోగులు మాటిమాటికీ తెగుతున్నాయి అనుకోండి. నూలు నాసిదైనా తెగుతుంది, పన్నె అరిగినా తెగుతుంది. మగ్గం ఆగుతుంది. నేసేవాడికి కూలి నేసిన లెక్కన వస్తుంది కాబట్టి ఆగిన ప్రతి నిమిషం అతని జేబుకే నష్టం. జాబర్‌కు నెల పగారు. అతను అరగంట ఆలస్యంగా వచ్చినా అతనికి పోయేది లేదు. నూలు కొన్నది మాలిక్. ఆయన షెడ్డులో ఉండడు. ఏ లాట్ నూలు తెగుతోందో, ఏ మగ్గం ఎప్పుడు మొరాయిస్తుందో నేసేవాడికి పక్కాగా తెలుసు. కానీ అతన్ని అడిగేవాడు లేడు. నాలుగుసార్లు తనే చెప్పి చూస్తాడు, ఐదోసారి చెప్పడం మానేస్తాడు. అప్పుడు మనం "వీడికి పని మీద మనసు లేదు" అంటాం.

ఇది ఇప్పటి జబ్బు కాదు. 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఇదే జరిగింది. కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా అనుకున్నంత ఉత్పత్తి రాలేదు. లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే ఆయన వచ్చి చూశాడు. 224 మగ్గాలకు 29 మంది ఉన్నారు, పనిని మాత్రం 12 ముక్కలు చేసి పంచారు. నేసేవాడికి 24 లేదా 32 మగ్గాలు, కండెలు నింపేవాడికి 40 నుంచి 50, తెగిన పోగులు అతికేవాడికి 60 నుంచి 80. ఒక మగ్గం ఆగితే అది ఎవరి మగ్గమో చెప్పలేని పరిస్థితి. అప్పుడు ఏడుగురిని ఒక జట్టు చేసి, 64 మగ్గాలు పూర్తిగా ఆ జట్టుకే అప్పగించారు. జట్టులో ఎవరెవరు ఉండాలో కార్మికులే ఎంచుకున్నారు. కొన్ని నెలలకు, 80 శాతం దగ్గర ఉన్న సామర్థ్యం సుమారు 95కు చేరింది. పాడైన గుడ్డ 32 శాతం నుంచి 20కి దిగింది. మగ్గాలు అవే, మనుషులూ వాళ్ళే.

మన షెడ్లు అంత పెద్దవి కావు, మన మగ్గాలూ అలాంటివి కావు. అయినా కిటుకు ఒకటే.

రైల్వేలో నేనూ ఇది చూశాను. మాకు ఉత్పాదకత బోనస్ 1979-80 నుంచి ఉంది. 78 రోజుల బోనస్ అంటే పండగ ముందు ఇంటిల్లిపాదికీ సంతోషమే. కానీ అది దేశమంతటికీ ఒకే లెక్క. గుమాస్తా ఈరోజు చేసిన పనికీ ఆ డబ్బుకీ ముడి కనిపించదు. నేను పనిచేసిన ఒక పార్సిల్ ఆఫీసులో బుకింగ్ ఒకరిది, తూకం ఒకరిది, లోడింగ్ ఇంకొకరిది. మూట ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతే ఎవరికి వారు "నా పని అయింది" అనేవాళ్ళు. ఒక సూపర్‌వైజర్ వచ్చి రైలుకు ఇద్దరు చొప్పున పెట్టాడు. ఆ రైలు మూటలు బుకింగ్ నుంచి లోడింగ్ దాకా వాళ్ళవే. మిగిలిపోయే మూటలు తగ్గాయి. "మా బండి" అనే మాట పుట్టింది.

మన షెడ్లలో దీన్ని ఇలా మొదలుపెట్టవచ్చు.

ఒకటి. పగారు ఇచ్చే రోజు ఒక పావుగంట కూర్చోండి. ఏ మగ్గం ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చేస్తే బాగుపడుతుంది అని అడగండి. గోడ మీద బోర్డులో రాయండి. వచ్చే పగారు నాటికి ఏది చేశారో, ఏది కుదరలేదో అదే బోర్డు మీద చెప్పండి. అడిగి ఊరుకోవడం కన్నా అడగకపోవడమే మేలు.

రెండు. కొన్ని మగ్గాలను ఒక జట్టుకు ఇవ్వండి. నేసేవాళ్ళు, కండెలు చుట్టే అక్కచెల్లెళ్ళు, జాబర్, అందరూ అందులో ఉండాలి. పాడైన మాల్ తగ్గితే మిగిలిన డబ్బులో జట్టుకు వాటా ఇవ్వండి. అప్పుడు జాబర్ పిలవకముందే వస్తాడు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎక్కువ నేశారని కూలి రేటు కొయ్యకండి. ఒక్కసారి కోస్తే, ఆ తరువాత తన చేతిలో ఎంత పని ఉందో ఎవడూ బయటపెట్టడు. ఏడాది దాకా రేటు ముట్టమని కాగితం మీద రాసి ఇవ్వండి.

"ముందు కూలి పెంచండి, తరువాత మాటలు" అని నేసే తమ్ముళ్ళు అంటారు. న్యాయమే. ఫ్యాను, మంచినీళ్ళు, మరుగుదొడ్డి, సరైన కూలి లేకుండా జట్టు అంటే అది మోసమే. "మాల్ అమ్ముడుపోవడం లేదు, ఇవన్నీ ఎక్కడినుంచి తెచ్చేది?" అని మాలిక్ అన్నలు అంటారు. అదీ నిజమే. కానీ అడగడానికి డబ్బు ఖర్చు కాదు. పాడైన మాల్ తగ్గితే ముందు మిగిలేది మీకే. సోలాపూర్ చద్దర్‌కూ టెర్రీ టవల్‌కూ జీఐ గుర్తింపు ఉంది. ఆ పేరు నిలబడేది మగ్గం ముందు నిలబడిన మనిషి చేతిలోనే.

వచ్చే సంఘం మీటింగులో ఈ విషయం పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ప్రతి కార్ఖానాదారుడూ తన షెడ్డు నుంచి నేసేవాళ్ళను ఇద్దరిని వెంట తీసుకురండి. ముందు వాళ్ళను మాట్లాడనివ్వండి. ఏ షెడ్డువారు మొదట జట్టు పెట్టి చూస్తారో ఇక్కడే కింద రాయండి. లెక్కలు రాసే పనికి నేను ఉన్నాను.