ఓనర్ లడాఖ్‌లో.. ఇల్లు వైజాగ్‌లో!

‘ఓనర్ గారూ, వంటింట్లో కుళాయి కారుతోంది. ఒకసారి చూడండి.’

హైదరాబాద్ ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉండగా నాకొచ్చే వాట్సాప్ మెసేజ్ ఇది. నిజానికి నేను ఓనర్‌ని కాదు. ఓనర్ మా అన్నయ్య. ఆర్మీలో నాయక్. వైజాగ్ మధురవాడలో తన పేరున డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. అందులో అన్నయ్య ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు అన్నయ్య రాజస్థాన్‌లో, నేను వైజాగ్‌లో ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉన్నాం. ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యవు. ‘అమ్మావాళ్ళు ఎలాగున్నార్రా?’ అని అన్నయ్య గంటకోసారి ఫోన్. నాకు తెలిస్తే కదా!

మూడోరోజు ఎలాగో ఊరు చేరాను. మా పెంకుటిల్లు సగం ఎగిరిపోయింది. కొబ్బరిచెట్లు వరసగా నేలమీద పడున్నాయి. అమ్మానాన్న పక్కవాళ్ళ శ్లాబింట్లో తలదాచుకున్నారు. సిగ్నల్ దొరికే చోటికొచ్చి అన్నయ్యకు అన్నీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు. ‘శ్లాబిల్లు కొనాలంటే ఎంతవుతుందిరా?’

2021లో సెలవు మీద వచ్చినప్పుడు కొనేశాడు. జవాన్లకు ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు ఉంటుంది. బ్యాంకు చుట్టూ తిరగడం, ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించడం, రిజిస్ట్రేషన్.. ఆ ఏడాది సెలవంతా వాటికే అయిపోయింది. 26 లక్షల లోను, 20 ఏళ్ళ వాయిదాలు. నెలకు 20 వేల పైచిలుకు ఈఎంఐ.

తీరా తాళాలు చేతికొచ్చాక నాన్న అడ్డం తిరిగాడు. ‘జీడితోట వదిలేసి ఆ అగ్గిపెట్టెలో కూర్చోమంటారా? పెంకులు మళ్ళీ వేయించుకుంటే సరిపోద్ది’ అన్నాడు. వదినేమో అన్నయ్యకు క్వార్టర్ దొరికితే అక్కడ, లేకపోతే పుట్టింట్లో. ఇక ఫ్లాట్‌లో ఎవరుండాలి? టూలెట్ బోర్డు పెట్టాం.

మీ ఇంట్లో కూడా ఎవరైనా సర్వీసులో ఉండి ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే ఇది పనికొస్తుంది. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టడానికి, అద్దె తీసుకోవడానికి, రిపేర్లు చేయించడానికి మాత్రమే అన్నయ్య నా పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు. అమ్మే హక్కు అందులో లేదు. సొంత తమ్ముడైనా అంతవరకే రాయమని లాయరే చెప్పాడు. అద్దె నేరుగా అన్నయ్య ఖాతాలోనే పడుతుంది. రిటర్నులో చూపించాల్సింది కూడా అన్నయ్యే. మున్సిపల్ పన్ను తీసేశాక మిగిలిన అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది.

అద్దె 12 వేలు. ‘మిగతాది జీతంలోంచి కట్టుకుంటా’ అనుకున్నాడు అన్నయ్య. కానీ 2022 మే నుంచి పది నెలల్లో రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి వెళ్ళింది. మాది ఫ్లోటింగ్ రేటు. ఈఎంఐ 23 వేలు దాటింది. సరిగ్గా అప్పుడే అద్దెకున్నవాళ్ళు రెండు నెలలు డబ్బులు వెయ్యలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఎక్సెల్ షీటు తీసి లెక్కలు వేశాను. ఫ్లాట్ అమ్మేస్తే లోను తీరి ఎంతో కొంత మిగులుతుంది. పైగా వాళ్ళు హాల్లో శ్లాబుకు డ్రిల్లు చేసి కొక్కెం బిగించారని వాచ్‌మన్ చెప్పాడు. గోడలకు మేకు కూడా కొట్టకూడదని అగ్రిమెంట్‌లో రాశాం కదా! ఖాళీ చెయ్యమని మెసేజ్ టైప్ చేసి, పంపేముందు అన్నయ్యకు చెప్పాను. అప్పటికి తను లడాఖ్‌లో ఉన్నాడు.

‘కొక్కెం ఎందుకంట?’

‘ఉయ్యాలకంట. నెలలు నిండకుండానే పాప పుట్టిందట. ఆస్పత్రికే డబ్బులన్నీ అయిపోయాయంటున్నారు.’

లైను కట్టయిందేమో అనుకున్నాను. కాలేదు.

‘ఉండనీరా. ఈ రెండు నెలలూ నేను చూసుకుంటా.’

అన్నయ్య కూతురు పుట్టి అప్పటికి ఏడు నెలలు. బారసాలకు సెలవు దొరకలేదు. పాపను ఉయ్యాల్లో వేస్తుంటే నేను ఫోన్ పట్టుకుని వీడియో కాల్‌లో చూపించాను. సగంలో సిగ్నల్ పోయింది. ఆ సంగతి నా ఎక్సెల్ షీటులో లేదు.

టైప్ చేసిన మెసేజ్ చెరిపేశాను. ఆ నెల నుంచి ఈఎంఐకి తగ్గే దాంట్లో ఐదు వేలు నేను కడుతున్నాను. ముందు అన్నయ్య ఒప్పుకోలేదు. ‘తుపానప్పుడు నేను కూడా శ్లాబిల్లు కావాలనే అనుకున్నాను కదా’ అంటే సరేనన్నాడు. అద్దెకున్నవాళ్ళు బాకీ నాలుగు వాయిదాల్లో తీర్చేశారు.

పోయిన సెలవుల్లో అన్నయ్యను ఫ్లాట్‌కు తీసుకెళ్ళాను. తన సొంతింటి గుమ్మం బయట చెప్పులు విప్పి, ‘లోపలికి రావచ్చా అండీ?’ అని అడిగాడు. వాళ్ళు కంగారుపడి కాఫీ ఇచ్చారు. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. అన్నయ్య తలెత్తి కొక్కెం చూశాడు. స్టూలడిగి, ఎక్కి, రెండు చేతులతో గట్టిగా లాగి చూశాడు.

‘గట్టిగానే ఉంది’ అని దిగాడు.

మెట్లు దిగుతుంటే అడిగాను, ‘అన్నయ్యా, నువ్వెప్పుడొచ్చి ఉంటావు ఇందులో?’ అని. పదిహేనేళ్ళ సర్వీసుకు పెన్షన్ వస్తుంది. లోను మాత్రం 2041 దాకా ఉంది.

‘చూద్దాంలే. ఆ కుళాయి సంగతి చూడు ముందు’ అన్నాడు.

వచ్చేవారం ప్లంబర్ వస్తానన్నాడు.