పని ఎంతవరకు వచ్చింది?

ఆదివారం పొద్దున్న. ధవళేశ్వరంలోని ఆ ఇంట్లో తల్లి పెసరట్టు వేసి రెండుసార్లు పిలిచింది. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో వచ్చిన కూతురు మాత్రం మొహం కడుక్కుని, ముందు గదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. తెర మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లు. సోమవారం సాయంత్రం అమెరికా క్లయింటుకు ఫోన్లో చెప్పాల్సిన లెక్క అది.

"పని ఎంతవరకు వచ్చిందమ్మా?" పేపరు మడుస్తూ అడిగారు నాన్న.

"85 శాతం అయింది నాన్నా."

"పోయిన నెల వచ్చినప్పుడూ అదే చెప్పావుగా!"

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. నిజమే. నాలుగు వారాలుగా ఆ అంకె కదలడం లేదు.

బీమా క్లెయిములు చూసే ఒక సాఫ్ట్‌వేర్‌కు ఆమె ప్రాజెక్టు మేనేజరు. మొత్తం పనిని 112 ముక్కలు చేశారు. ఒక్కో ముక్కను టికెట్ అంటారు. రోజూ పొద్దున్న పావుగంట సేపు అందరూ నిలబడి ఎవరి పని ఎక్కడుందో చెప్పాలి. ఎక్కువమంది చెప్పే మాట ఒకటే... 'అయిపోవచ్చింది'. మన భాషలో 'అయిపోయింది'కీ 'అయిపోవచ్చింది'కీ మధ్య ఉన్నవి రెండక్షరాలే. సాఫ్ట్‌వేర్ వాళ్ల నిద్రలేని రాత్రులన్నీ ఆ రెండక్షరాల్లోనే ఉన్నాయి. కుర్రాళ్లు అబద్ధం చెబుతారని కాదు. ప్రోగ్రాము రాసేశాక పని అయిపోయినట్టే ఉంటుంది. దాన్ని పక్కవాడు రాసినదానితో కలిపినప్పుడు అసలు తప్పులు బయటపడతాయి.

ఇది ఈనాటి జబ్బు కాదు. 1964 ఏప్రిల్‌లో ఐబీఎం కంపెనీ సిస్టమ్ 360 అనే కంప్యూటర్ల వరుసను ప్రకటించింది. వాటిని నడిపే ఓఎస్ 360 సాఫ్ట్‌వేర్ పనిని ఫ్రెడ్ బ్రూక్స్ నడిపించారు. ఒక దశలో వెయ్యి మందికి పైగా దాని మీద పనిచేశారు. అయినా అది ఆలస్యమైంది, అనుకున్నదానికి ఎన్నో రెట్లు ఖర్చయింది. యంత్రాల తయారీ కంటే ప్రోగ్రాముల తయారీని నడిపించడం ఎందుకంత కష్టమని కంపెనీ అధిపతి టామ్ వాట్సన్ ఆయన్ని అడిగారట. దానికి జవాబుగా బ్రూక్స్ 1975లో ఏకంగా ఒక పుస్తకమే వేశారు. ఆలస్యమైన ప్రాజెక్టుకు కొత్తగా మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందన్న సూత్రం ఆయనదే. ఆయన 2022లో 91 ఏళ్ల వయసులో పోయారు గానీ ఆ సూత్రానికి ఇంకా నూరేళ్లు నిండలేదు.

ఈ అమ్మాయి ప్రాజెక్టులోనూ అదే జరిగింది. ఆరుగురు చేస్తున్న పని వెనకబడిందని పైవాళ్లు మరో నలుగుర్ని పంపారు. కొత్తవాళ్లకు నేర్పడానికి పాతవాళ్లకు రెండు వారాలు పట్టింది. ఆరుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే 15 జతలు. పదిమందికి 45! ఆవకాయ కలిపాక మూడో రోజు తిరగెయ్యాలి. పదిమంది కోడళ్లు చుట్టూ కూర్చున్నంత మాత్రాన ఆ మూడో రోజు మొదటి రోజే రాదు కదా.

"ఈ 85 ఎలా వచ్చిందమ్మా?" నాన్న కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

ముప్ఫై ఏళ్లు నీటిపారుదల శాఖలో పనిచేసిన మనిషి ఆయన. కాలవ గట్టు మీద మట్టి పనైనా, తూము కాంక్రీటైనా టేపు పెట్టి కొలిచి ఎం బుక్కులో రాయాల్సిందే. పైఅధికారి వచ్చి మళ్లీ కొలిచి సంతకం పెడతాడు. ఆ తర్వాతే కాంట్రాక్టరుకు బిల్లు.

"పూర్తయినవి 61 నాన్నా. 38 చేతిలో ఉన్నాయి, ఒక్కోటీ 90 శాతం అయిందంటున్నారు. 13 ఇంకా మొదలెట్టలేదు."

"ఆ 90 ఎవరు కొలిచారు?"

"చేసేవాళ్లే చెప్పారు."

"మేస్త్రీ చెప్పింది మేం రాసేవాళ్లం కాదమ్మా. కొలిచిందే రాసేవాళ్లం."

పెసరట్టు చల్లారిపోయింది. ఆ అమ్మాయి 38నీ సున్నా చేసింది. పరీక్షించి మూసేసినవి 61 మాత్రమే. 112లో 61... అంటే 54 శాతం! 14 వారాల్లో అయింది అంతే. వారానికి నాలుగో అయిదో. మిగిలిన 51కి ఇంకో 11, 12 వారాలు కావాలి. గడువు రెండు వారాల్లో ఉంది.

పైన పచ్చగా, లోపల ఎర్రగా ఉండే ఇలాంటి వాటిని ఆ రంగంలో పుచ్చకాయ ప్రాజెక్టులంటారు. అందరికీ తెలిసిన జోకే. తన ప్రాజెక్టే పుచ్చకాయ అని తెలిసిన రోజున మాత్రం నవ్వు రాదు. ఎరుపు అని రాస్తే ఇన్నాళ్లూ ఏం చేశావని పైవాళ్లు అడుగుతారు. ఏడాది చివర జీతం పెంపు దగ్గర గుర్తుపెట్టుకుంటారు. రాయకపోతే పదిమంది పిల్లలు రెండు వారాలపాటు ఆఫీసులోనే పడుకుంటారు, అయినా పని అవదు. అందులో ఒకమ్మాయికి పెళ్లి ముహూర్తం కూడా పెట్టేశారు.

ఆమె గడిని ఎరుపు చేసింది. ముందు తన పై మేనేజరుకు ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం పూట ఆ సంభాషణ ఎంత సేపు, ఎంత గట్టిగా సాగిందో పెరట్లో ఉన్న తల్లికి కూడా తెలిసింది.

సోమవారం క్లయింటు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ముందుగా తప్పనిసరిగా కావాల్సినవి ఏవో తేల్చుకుందామన్నాడు. 51లో 20 చాలని తేలింది. మిగతావి రెండో విడతకు వెళ్లాయి. గడువు మూడు వారాలు జరిగింది. పై మేనేజరు మాత్రం చాలా రోజులు ముభావంగానే ఉన్నాడు.

మరుసటి ఆదివారం ఫోన్లో నాన్న శాతం అడగలేదు.

"ఎన్ని మూశారమ్మా?"

"66 నాన్నా."

"మళ్లీ ఎవరైనా కొలిచారా?"

"కొలిచారు."

"సరే, ఇదిగో అమ్మ మాట్లాడుతుందట" అని ఫోన్ ఇచ్చేశారు.