పద్మిని గొంతులో సైకిల్ ట్యూబు

పద్మిని అంటే ఇప్పటి పిల్లలకి దీపికా పదుకొణె గుర్తొస్తుంది. మా ఇంట్లో మాత్రం పద్మిని అంటే కారే. ప్రీమియర్ పద్మిని. ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో దీన్ని మొదలుపెట్టారు. 1970ల మధ్యకి వచ్చేసరికి చిత్తోడ్ రాణి పేరు తగిలించారు. పేరు మారినా జనం నోట్లో అది ఫియట్టే. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు. ముంబయిలో ఆఖరి నలుపు-పసుపు పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. ఆ వార్త పేపర్లో చదివి గుడివాడలో మా నాన్నగారు ఏం చేశారో తెలుసా? కాగితం కత్తిరించి డైరీలో పెట్టుకుని, బయటికెళ్ళి కారు తుడుచుకున్నారు.

మాది 1986 మోడల్. స్కూలు మాస్టారి జీతంతో కొన్న కారు. దాన్ని ఆయన ఎలా చూసుకున్నారో చెప్పాలంటే వేరే వ్యాసం అవుతుంది. ఎండాకాలంలో పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతే, దాని మీద తడిగుడ్డ వేసి విసనకర్రతో విసిరిన మనిషి!

అలాంటి కారుకి నాలుగేళ్ళ కిందట జబ్బు చేసింది. లోపలంతా పెట్రోలు వాసన. వెనకాల నల్లపొగ. ఫ్లైఓవర్ ఎక్కితే మిస్సింగ్. లీటరుకి ఏడు కిలోమీటర్లు వస్తే గొప్ప. ఎక్కిన పది నిమిషాలకే అమ్మకి తలనొప్పి, వాంతులు. ఓసారి మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళుతూ దారిలో మూడుసార్లు దింపించాక, ఇక ఎక్కనని తేల్చేసింది. బందరులో పిన్ని ఇంటికి ఆవిడ బస్సులో వెళుతుంది, నాన్న కారులో వెళతారు! ముప్ఫై అయిదేళ్ళకు పైగా ముందు సీట్లో పక్కన కూర్చున్న మనిషి. ఆ సీటు మీద ఇప్పుడు కూరగాయల సంచీ. నాన్న పైకి ఏమీ అనలేదు. కానీ గుళ్ళకి వెళ్ళడం తగ్గించేశారు.

రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. పదిహేనేళ్ళు దాటిన కారుకి అయిదేళ్ళకోసారి రెన్యువల్ తప్పదు. ఇరవై ఏళ్ళు దాటిన వాటికి ఆ ఫీజుని 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. డబ్బు సరే, దాంతోపాటు పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. ఈ కాలపు పాత పెట్రోలు కార్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదు. మాది 6 దాటింది. మెషీను దగ్గర కుర్రాడు రెండుసార్లు పెట్టి చూసి, సారీ మాస్టారూ అన్నాడు. అన్నయ్యయితే ఫోన్లోనే తీర్పు చెప్పేశాడు, తూకానికి ఇచ్చేద్దామని. పాత ఇనుము వాళ్ళు వచ్చి చూసి కూడా వెళ్ళారు.

అప్పుడు నేను వారం రోజులు సెలవు పెట్టి వచ్చి, నాన్నతో కలిసి బండిని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాను. లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక, పాత పెట్రోలు బళ్ళు మాత్రమే చూసే మేస్త్రి ఒకాయన ఉన్నారు. డెబ్భై దాటాయి. పక్క షెడ్డులో కుర్రాళ్ళు కారుకి కంప్యూటరు తగిలించి జబ్బు చదువుతున్నారు. మా పద్మినికి తగిలించడానికి అసలు సాకెట్టే లేదు కదా!

ఆయన ముందు ఇంజను స్టార్టు చెయ్యమనలేదు. బానెట్ ఎత్తి, చోక్ మీట లాగి వదలమన్నారు. లోపల టక్ మని చప్పుడు. మళ్ళీ లాగమన్నారు. మళ్ళీ టక్.

"ఈ టోపీ దీనిది కాదమ్మా" అన్నారు.

టోపీ అంటే ఎయిర్ క్లీనర్. కార్బురేటర్ (మన షెడ్లలో దీన్ని ‘కార్పొరేటర్’ అనేవాళ్ళూ ఉన్నారు, మనం తప్పు పట్టక్కర్లేదు) నెత్తిన కూర్చునే రేకు డబ్బా. దాన్ని పైకి లాగితే, సందు పూడ్చడానికి మెడ చుట్టూ చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క ఊడి వచ్చింది. మూత తిరగేస్తే లోపలివైపు నెలవంకలాంటి గీత, ఏదో రోజూ గీసినట్టు.

కార్బురేటర్ సంగతి కొంచెం చెప్పాలి. ఇంజను పీల్చుకునే గాలి దీని సన్నటి మెడలోంచి దూరేటప్పుడు వేగం పెరిగి, పీడనం తగ్గుతుంది. దాంతో పక్కనున్న గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే చిన్న రంధ్రంలోంచి తుంపరగా లేచి గాలిలో కలుస్తుంది. తూకంలో ఒక వంతు పెట్రోలుకి దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. పొద్దున్నే చల్లటి ఇంజను అంటుకోవడానికి మాత్రం కాస్త చిక్కటి మిశ్రమం కావాలి. అందుకే మెడ పైన చోక్ అనే చిన్న రేకు తలుపు ఉంటుంది. అది మూస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజను వేడెక్కాక ఆ తలుపు నిటారుగా నిలబడాలి. నిలబడితే దాని అంచు మెడ దాటి పైకొస్తుంది.

మా కారులో అది నిలబడే చోటే లేదు. టోపీ మరీ పలచన. తలుపు అంచు మూతకి కొట్టుకుని సగంలో ఆగిపోయేది. అంటే నాలుగేళ్ళుగా మా పద్మిని సగం చోక్ వేసుకునే తిరుగుతోందన్నమాట! వాసన, పొగ, అమ్మ తలనొప్పి, అన్నీ అందులోంచే.

మరి టోపీ తీసేస్తే సరిపోవాలి కదా. తీసి స్టార్టు చేశారు. ఇంకా పాడయింది! యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్ నోట్లోంచి తుపుక్, తుపుక్ మని ఎదురు దగ్గు. ఈసారి పెట్రోలు చాలడం లేదు. మేస్త్రి నవ్వి, జెట్టు విప్పి నా అరచేతిలో పెట్టారు. ఇత్తడి ముక్క, కందిగింజ కన్నా కాస్త పెద్దది. దాని నెత్తిన అంకె ఉంటుంది. 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని లెక్క. మాదాంట్లో ఉన్నది ఆ కార్బురేటర్‌కి ఉండాల్సినదాని కన్నా చిన్నది. నల్లపొగ తగ్గించమంటే ఎవరో జెట్టు మార్చేశారు. అసలు కార్బురేటర్ కూడా పద్మినిది కాదు, వేరే కారుది. కింద బోల్టులు సరిపోయాయని బిగించారు. పైన మెడ కొలత వేరవడంతో పాత టోపీ కూర్చోలేదు. దాంతో ఇంకో కారు టోపీ, దానికి సైకిల్ ట్యూబు, పొగ రాగానే చిన్న జెట్టు. మూడు షెడ్లు, మూడు చేతులు.

"ఎవరి పని వాళ్ళు బానే చేశారు మాస్టారూ. అన్నీ మంచి సామాన్లే" అన్నారు మేస్త్రి. నాకైతే అంత పెద్దమనసు లేదు, ఆ మూడు బిల్లులూ నాన్న డైరీలో చూశాను మరి.

"పాతది పారేశారా?"

మా నాన్న ఏదైనా పారేస్తే కదా! పాత కార్బురేటర్ అటక మీద బోర్న్‌విటా డబ్బాలో, పేపరు చుట్టి, తేదీ వేసి మరీ ఉంది. ఆక్సిలరేటర్ రేకుని తిప్పే ఇరుసు బెజ్జాలు కోలగా అరిగిపోయి, ఆ సందులోంచి దొంగగాలి పోవడమే దాని జబ్బు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద ఇత్తడి బుష్‌లు వేయడానికి ఒక పూట పట్టింది. పాత టోపీ సంగతే విషాదం. దాని మూతని అమ్మ డాబా మీద పిచ్చుకలకి నీళ్ళగిన్నె చేసింది. తుప్పు పట్టి జల్లెడైపోయింది.

సరైన టోపీ విజయవాడలో దొరకలేదు. "చెన్నై వెళ్ళండి. పేరు చెప్పి అడగొద్దు. బాడీ పట్టుకెళ్ళి, దాని మీద పెట్టి చూసుకోండి" అన్నారు మేస్త్రి. ఎగ్మోరు స్టేషనుకి దగ్గర్లో పుదుపేట అని పాత బళ్ళ సామాన్ల బజారు. అక్కడ ఫియట్ ఎయిర్ క్లీనర్ అని అడగ్గానే మూడు షాపుల్లో మూడు తీశారు. మూడూ ఫియట్‌వే అని ఒట్టేశారు. బ్యాగులోంచి కార్బురేటర్ తీసి పెట్టి చూస్తే రెండు వదులు. మూడోది మెడ మీద ఎక్కడా ఊగకుండా కూర్చుంది. తొమ్మిది వందలు. మేస్త్రి మాట వినకుండా ఫోన్లో ఆర్డర్ ఇచ్చుంటే ఏది వచ్చేదో!

బిగించే రోజు మేస్త్రి అడిగిన పరికరం వింటే నవ్వొస్తుంది. చపాతీ పిండి! అమ్మ మధ్యాహ్నానికి కలిపి ఇచ్చిన దాంట్లోంచి ఉసిరికాయంత ముద్ద తీసి, నిటారుగా నిలబెట్టిన చోక్ తలుపు అంచున అంటించారు. టోపీ పెట్టి, మూత బిగించి, మళ్ళీ విప్పారు. నొక్కుకున్న పిండి మందం కొలిస్తే తలుపుకీ మూతకీ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలిసిపోతుంది. వేలెడంత ఖాళీ. సైకిల్ ట్యూబు బదులు కొలతకి సరిపడా రబ్బరు రింగు వేశారు.

జెట్టు దగ్గర మాత్రం ఆయన పాత అంకెకి కట్టుబడలేదు, ఒక సైజు పెంచారు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ మండటానికి పెట్రోలంత గాలి అక్కర్లేదు. అందుకే పాత జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. 1986 నాటి రబ్బరు గొట్టాలకీ అది పడదు, ఉబ్బి మెత్తబడతాయి. వాటినీ మార్పించాం.

రెండు రోజులు తిప్పాక ప్లగ్గులు విప్పి చూపించారు. నల్లటి మసి పోయి, లేత ఇటుక రంగులో ఉన్నాయి. పొల్యూషన్ మెషీను దగ్గర అదే కుర్రాడు. ఈసారి 2.2. ప్రింటు తీసిచ్చి, ఏం చేయించారు మాస్టారూ అని అడిగాడు. నాన్న అరగంట చెప్పారు, వెనక లైన్లో ఆటోలు హారన్లు కొడుతున్నా సరే.

అమ్మ అంత తేలిగ్గా నమ్మలేదు. ముందు ఆగి ఉన్న కారులో, ఇంజను ఆన్ చేసి, అద్దాలెత్తించి పావుగంట కూర్చుంది. చేతిలో నిమ్మకాయ. వాసన చూసింది నిమ్మకాయని కాదు, సీటుని. తర్వాత కూరగాయల సంచీ తీసి వెనక పడేసింది. బందరు వెళ్ళి వచ్చారిద్దరూ. లీటరుకి పన్నెండు ఇచ్చిందని నాన్న ఫోను చేసి చెప్పారు. పిన్ని గారింట్లో గారెలు బావున్నాయని అమ్మ చెప్పింది, కారు గురించి ఒక్క ముక్క అనలేదు.

ఊడదీసిన కార్బురేటర్, ఆ పలచటి టోపీ నాన్న అక్కడ వదిలి రాలేదు. అవి ఏ కార్లవో మేస్త్రిని అడిగి, చీటీ మీద రాసి అంటించి, అదే బోర్న్‌విటా డబ్బా పక్కన అటకెక్కించారు. ఆ కార్లవాళ్ళెవరైనా వెతుక్కుంటూ రావచ్చట. అటక మీద ఊరగాయ జాడీలకి చోటు లేదని అమ్మ గొడవ.