పసుపు గొంతు పికిలి

మా మనుబోలులో పికిలిపిట్ట వాలని పెరడు లేదు. దాని కొండ చుట్టాన్ని చూద్దామని మా అమ్మాయితో మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ వెళ్లాను. ఒకప్పుడు నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన పిట్ట అది.

పొదలో ఏదో కదిలితే "అదే!" అన్నాను.

"కంటిమీద తెల్లగీత ఉంది నాన్నా, అది వేరే పికిలి" అంది.

మర్నాడు పొద్దున్నే బండమీద వాలింది. పసుపు తల, పసుపు గొంతు, బూడిదరంగు రొమ్ము. దక్షిణాది రాతికొండలు తప్ప దానికి లోకంలో మరో చోటు లేదు.

తిరుగుదారిలో సగం తొలిచేసిన కొండ కనిపించింది.

"ఇక్కడి పిట్టలు ఎటు పోయాయి నాన్నా?"

మా కొత్తింటి పునాదికి తోలించిన కంకర గుర్తొచ్చింది. జవాబు చెప్పలేకపోయాను.