నాన్న నవ్విన ఫొటో

సోమలలో అమ్మ ఫోన్ నిండిపోయింది. కొత్త ఫొటో తీయాలంటే పాతది చెరపాలి. పాతవాటిలో టమోటా తోటలో నాన్న ఉన్నాడు. ఇప్పుడాయన లేడు. గూగుల్ ఫొటోస్‌లో ఎక్కిద్దామంటే, 2021 జూన్ 1 నుంచి కొత్తవి ఉచిత 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి. అదీ నిండింది.

పండక్కి బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. నల్లటి తెరమీద 'ఏడీబీ పుల్' అంటూ ఒక్క వరుస కొట్టాడు. కెమెరా ఫోల్డరంతా దిగింది. తర్వాత ఆర్‌సింక్‌తో హార్డ్‌డిస్కులోకి ఇంకో నకలు. 1996లో వచ్చిన ఈ పనిముట్టు, మళ్లీ నడిపితే కొత్తవీ మారినవీ మాత్రమే మోస్తుంది.

‘‘ఇంక చెరిపేస్తావా నాయనా?’’

‘‘రెండుచోట్లా తెరిచి చూసినాకేమా.’’

చూశారు. అన్నీ ఉన్నాయి.

‘‘సరే చెరుపు. నాయన నవ్వింది మాత్రం ఫోన్లోనే ఉండనీ!’’