పడిన బోర్లు సరే, పడనివి ఎన్ని?

కొబ్బరికాయ అరచేతిలో నిలబడిన చోట బోరు వేస్తే నీళ్లు పడ్డాయని చెప్పేవాళ్లు రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలామంది కనిపిస్తారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు, ఆ సాక్ష్యం సగమే. అదే పొలంలో కాయ చూడకుండా ఇంకోచోట వేసినా నీళ్లు పడేవేమో! ఆ పోలిక లేనిదే గొప్ప కాయదో నేలదో తేలదు. పైగా పడిన బోరు కథ ఊరంతా తిరుగుతుంది, ఎండిన బోరు అప్పుల పద్దులో కలిసిపోతుంది. అందుకే రెండూ లెక్కపెట్టాలి, దేన్ని ఓటమి అనాలో ముందే ఒప్పుకోవాలి. 1990లో జర్మనీలోని కాసెల్‌లో అలాగే చేశారు. భూమిలో పాతిన గొట్టంలో నీరు పారుతోందో లేదో చెప్పమని, ముందే షరతులకు ఒప్పుకున్న కాయలాంటి పద్ధతులతో నీటి జాడ చెప్పే 30 మందిని పరీక్షించారు. ఫలితాలు గుడ్డి ఊహను మించలేదు.

జియాలజిస్టు పెట్టిన పాయింట్లూ ఫెయిలవుతాయి కదా అంటారు. నిజమే. గ్రానైటు నేలలో నీరు శిథిలమైన పైపొరలోనో రాతి పగుళ్లలోనో ఉంటుంది, వాటిని పట్టుకోవడం కష్టం. కానీ నేల విద్యుత్ నిరోధాన్ని కొలిచే రెసిస్టివిటీ సర్వే అంచనాను డ్రిల్లింగులో బయటపడ్డ రాతితో పోల్చి, ఎక్కడ తప్పిందో చూసి సరిదిద్దుకోవచ్చు. కాయ తప్పితే మాత్రం లోతు చాలలేదనో, ముహూర్తం బాగాలేదనో సాకు దొరుకుతుంది. ఎప్పటికీ ఓడిపోని మాటకు గెలుపూ ఉండదు. కాయ చూపిస్తే పోయేదేముంది అన్న ప్రశ్నకూ జవాబుంది: ఖర్చు కాయది కాదు, దాన్ని నమ్మి దింపే బోరుది. పాయింటు పెట్టేది ఎవరైనా సరే, పడనివి ఎన్నో ముందు అడగాలి.